హాస్టల్‌కి ఏ ల్యాప్‌టాప్: తేలికదా, గేమింగ్‌దా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమయ్యాక ఇంట్లో మొదలయ్యే తర్వాతి చర్చ ల్యాప్‌టాప్. ఒకవైపు 40 వేల చిల్లరలో దొరికే కిలోన్నర బరువున్న సన్న మెషీన్, ఇంకోవైపు 75 వేల నుంచి లక్ష దాకా పలికే రెండున్నర కిలోల గేమింగ్ మెషీన్. పిల్లలు కోడింగ్‌కి ఇది ఉండాల్సిందే అంటారు. పెద్దవాళ్లు చదువుకి అంత ఎందుకంటారు. దీన్ని తేల్చడానికి రెండు ప్రశ్నలు చాలు. ఆ మెషీన్ రోజులో ఎక్కువసేపు ఉండేది బ్యాగులోనా, బల్ల మీదనా? అందులో నడిచే సాఫ్ట్‌వేర్, గేమింగ్ మెషీన్‌లో విడిగా ఉండే గ్రాఫిక్స్ కార్డును అసలు ముట్టుకుంటుందా?

రెండోదే ముందు చూద్దాం, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా జరిగేది అక్కడే. సీఎస్‌ఈలో మొదటి రెండేళ్లూ సీ, జావా, పైథాన్, డేటా స్ట్రక్చర్లు, డీబీఎంఎస్, కొంత వెబ్. వీటిలో ఒక్కటీ గ్రాఫిక్స్ కార్డు జోలికి పోదు. ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి పక్కన ఎమ్యులేటర్ (తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోన్) నడిపితే నిండిపోయేది ర్యామ్. ఈసీఈ వాళ్లు చిప్ డిజైన్‌కి వాడే వివాడోకి కావాల్సింది ప్రాసెసర్, ర్యామ్, బోలెడంత డిస్క్ జాగా. మెషిన్ లెర్నింగ్ మొదట్లో నేర్పే పాండాస్, సైకిట్-లెర్న్ మామూలుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. గ్రాఫిక్స్ కార్డు అవసరం నిజంగా మొదలయ్యేది డీప్ లెర్నింగ్ దగ్గర. అప్పుడు కూడా ఎన్‌విడియా కార్డే కావాలి, ఎందుకంటే పాఠాలూ లైబ్రరీలూ ఎక్కువగా క్యూడా అనే ఎన్‌విడియా సొంత వేదిక మీద రాసినవే.

అక్కడా ఒక లెక్క ఉంది. 700 కోట్ల పారామీటర్ల ఏఐ మోడల్‌ను 16 బిట్లలో ఉంచితే దానిలోని అంకెలకే (వెయిట్స్) 14 జీబీ పడుతుంది. 4 బిట్లకు కుదిస్తే నాలుగైదు జీబీల్లో ఇముడుతుంది. అంటే 6 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4050 అనే ఎన్‌విడియా కార్డు మీద ఆ మోడల్‌ను నడిపి చూడొచ్చు, మొత్తంగా శిక్షణ ఇవ్వలేం. బ్రౌజర్‌లోనే కోడ్ రాసి గూగుల్ కంప్యూటర్ల మీద నడిపించే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగా దొరికే టీ4 కార్డుకి 16 జీబీ మెమరీ ఉంటుంది. ఉచిత కార్డు ప్రతిసారీ దొరకదు, సెషన్ మధ్యలో తెగిపోతుంది, తెగితే ఫైళ్లు పోతాయి. అందుకని ఫలితాలను గంటకోసారైనా గూగుల్ డ్రైవ్‌లోకి రాయించుకునే అలవాటు చేసుకోవాలి. ఆ ఓపిక ఉంటే కాలేజీ ప్రాజెక్టుకి లక్ష రూపాయల మెషీన్ అక్కర్లేదు.

గేమింగ్ మెషీన్ దండగ అని కాదు నా ఉద్దేశం. మెకానికల్‌లో సాలిడ్‌వర్క్స్‌లో పెద్ద అసెంబ్లీలు తిప్పేవాళ్లకి, సివిల్, ఆర్కిటెక్చర్‌లో రెవిట్, లుమియన్ వాడేవాళ్లకి, బ్లెండర్‌లో రెండర్ చేసేవాళ్లకి, అన్‌రియల్ ఇంజిన్ నేర్చుకునేవాళ్లకి, డావిన్చీ రిసాల్వ్‌లో వీడియోలు కోసేవాళ్లకి పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటు అవుతుంది. ఆటో క్యాడ్‌లో 2డీ గీతలు మాత్రమే అయితే తేలిక మెషీనే సరిపోతుంది. ఆటల కోసమే కొంటుంటే ఆ మాట ఇంట్లో సూటిగా చెప్పి కొనడం మంచిది, అందులో తప్పేం లేదు. కానీ ఏ ఆట అన్నది చూడాలి. వాలరెంట్ సెకనుకు 60 ఫ్రేములకు దాని తయారీదారు అడిగేది జీటీ 730 అనే చాలా పాత కార్డు. ఈనాటి ప్రాసెసర్లలో ఉండే గ్రాఫిక్సే దాన్ని నడిపించేస్తుంది. సైబర్‌పంక్ 2077 లాంటిదైతే విడి కార్డు లేకుండా దగ్గరికి వెళ్లొద్దు.

ఇక తేలిక మెషీన్ కొనేటప్పుడు. ఇందులో డబ్బు పోగొట్టేది ప్రాసెసర్ కన్నా ర్యామ్. విండోస్ 11 ఏమీ తెరవకముందే 3, 4 జీబీ తీసుకుంటుంది. 8 జీబీలో బ్రౌజర్ పది ట్యాబులు, వీఎస్ కోడ్, ఒక డేటాబేస్ తెరిస్తే మిగిలేది ఏమీ ఉండదు, మెషీన్ డిస్క్ మీదికి రాసుకుంటూ ఈడుస్తుంది. 16 జీబీ ఉండాలి, లేదా 16కి పెంచుకునే దారి ఉండాలి. ఆ దారి ఉందో లేదో కొనకముందే తెలుసుకోవాలి. చాలా సన్న మెషీన్లలో ర్యామ్ బోర్డు మీదే అతికించి వస్తుంది, పెంచడానికి స్లాట్ ఉండదు. స్పెసిఫికేషన్‌లో 'ఎల్‌పీడీడీఆర్' అని ఉంటే అది అతికించినదే అనుకోండి. రైజెన్ 5 7520యూ ఉన్న ఏ మెషీనైనా అంతే, ఆ చిప్ ఎల్‌పీడీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ తీసుకోదు.

ఆ రైజెన్ నంబర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది మోసపోయే చోటు ఇది. 7000 వరసలో మూడో అంకె చూడాలి. అది లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2, నాలుగు కోర్లు. 7530యూలో 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. డబ్బా మీద రెండూ 'రైజెన్ 5 7000 సిరీస్' అనే కనిపిస్తాయి, పనిలో మాత్రం వాటి మధ్య చాలా దూరం ఉంది. ఇంటెల్ వైపు చివరి అక్షరం ముఖ్యం. ఐ5-1235యూ 15 వాట్ల తరగతి, ఐ5-12450హెచ్ 45 వాట్ల తరగతి. యూ చిప్ కూడా మొదట్లో జోరుగా పరుగెడుతుంది, 50 వాట్ల పైన కూడా తాగుతుంది, కానీ చాలా మోడళ్లలో అర నిమిషం తిరిగేలోపే దిగివస్తుంది. చిన్న ప్రోగ్రాము కంపైల్ చేసేవాడికి ఆ అర నిమిషం చాలు. పావుగంట రెండర్ చేసేవాడికి చాలదు.

స్లాట్ ఉన్న మెషీన్‌లో ఒకే 8 జీబీ ముక్క ఉంటే దాని పక్కన ఇంకో 8 వేయించడం వల్ల రెండు లాభాలు. ఒకటి జాగా. రెండోది, ర్యామ్ రెండు దారుల్లో పనిచేయడం మొదలవుతుంది, లోపలి గ్రాఫిక్స్‌కి ప్రాణం వచ్చేది దానివల్లే. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ అని ప్రకటించిన చిప్ కూడా ఒకే ముక్క ర్యామ్ ఉంటే విండోస్‌లో 'యూహెచ్‌డీ గ్రాఫిక్స్' అని కనిపిస్తుంది, పనితనం కూడా అలాగే ఉంటుంది. డీడీఆర్4, డీడీఆర్5 ముక్కలు ఒకదాని చోట ఇంకొకటి పట్టవు, గాడి వేరేచోట ఉంటుంది. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట కళ్లముందే బిగించి ఇస్తారు. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. 8తో కొని తర్వాత పెంచుకుందాం అన్న పాత సలహా ఇప్పుడు ప్రతిసారీ లాభం కాదు. ముక్క ధర అడిగి, 16 జీబీతో వచ్చే మోడల్ ధరతో పోల్చి చూడండి.

సెలెరాన్ ఎన్4500, 64 జీబీ ఈఎంఎంసీ (ఫోన్లలో వాడే తరహా నెమ్మది) నిల్వ ఉన్న 20 వేల మెషీన్లను ఇంజనీరింగ్‌కి లెక్కలోకే తీసుకోకండి. విండోస్ అప్‌డేట్లకే ఆ జాగా నిండిపోతుంది.

గేమింగ్ మెషీన్లలో అసలు చూడాల్సింది కార్డు పేరు పక్కన రాయని ఒక అంకె, దానికి ఇచ్చే వాట్లు. ఆర్‌టీఎక్స్ 4050, 4060 రెండింటినీ 35 నుంచి 115 వాట్ల మధ్య ఎంతకైనా అమర్చుకునే వీలు ఎన్‌విడియా తయారీదారులకు ఇచ్చింది. సన్నగా, చల్లగా ఉండాలని ఒక కంపెనీ 4060కి 50 వాట్ల చిల్లర ఇస్తే, ఇంకో కంపెనీ మందమైన మెషీన్‌లో 4050కి 95 ఇస్తుంది. కొన్ని ఆటల్లో ఆ 4050 ముందుండడం కూడా జరుగుతుంది. సుమారు 100 వాట్లు దాటాక ఈ రెండింటికీ పెద్దగా ఒరిగేది లేదు కాబట్టి 115, 140 అన్న అంకెలకు అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ అడుగున 'టీజీపీ' లేదా 'మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్' అని వెతకండి. ఎక్కడా రాయకపోతే అడాప్టర్ ఎన్ని వాట్లో చూడండి. 120 వాట్ల అడాప్టర్ ఉన్న మెషీన్ ప్రాసెసర్‌ని, స్క్రీన్‌ని పోషించాక గ్రాఫిక్స్ కార్డుకి 100 వాట్లు ఇవ్వలేదు.

నాకు అసలు నచ్చనివి 50, 55 వేలలో 'గేమింగ్' ముద్రతో వచ్చే మధ్యరకం మెషీన్లు. కార్డు ఆర్‌టీఎక్స్ 2050, దానికి 4 జీబీ మెమరీ, 64 బిట్ల ఇరుకు దారి. ర్యామ్ 8. స్క్రీన్ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్లు, అంటే రంగులు వెలిసినట్టు ఉంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే ఏమీ కనిపించదు. రెండుంపావు కిలోలు మోయాలి, బ్యాటరీ మూడు గంటలు. గేమింగ్ మెషీన్ కష్టాలన్నీ పడాలి, సుఖం సగం కూడా ఉండదు. ఆ బడ్జెట్‌లో 16 జీబీ ర్యామ్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ స్క్రీన్ ఉన్న తేలిక మెషీన్ నాలుగేళ్లు హాయిగా నడుస్తుంది. లేదంటే ఇంకొన్నాళ్లు ఆగి నేరుగా 6 జీబీ కార్డుకి వెళ్లాలి.

బ్యాటరీ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. బ్యాటరీ వాట్-అవర్లను మెషీన్ తాగే వాట్లతో భాగించడమే. తేలిక మెషీన్‌లో 45 వాట్-అవర్లు ఉండి, పీడీఎఫ్ చదివేటప్పుడు 7 వాట్లు తాగితే ఆరు గంటల పైమాటే. గేమింగ్ మెషీన్‌లో 60 ఉన్నా, ఊరికే ఉన్నప్పుడే 15 నుంచి 20 తాగితే మూడు, నాలుగు గంటలు. ఇక ఛార్జర్ తీసేసి ఆట మొదలుపెడితే గంట కూడా రాదు, పైగా ఫ్రేములు సగానికి పడిపోతాయి. అది మెషీన్ లోపం కాదు. 60 వాట్-అవర్ల బ్యాటరీ నుంచి 150 వాట్లు లాగితే సెల్స్ తట్టుకోలేవని కంపెనీయే అక్కడ కళ్లెం వేసి పెడుతుంది.

గేమింగ్ మెషీనే కొన్నవాళ్లు క్లాసులో దాన్ని కొంచెం సేపు ఎక్కువ నడపాలంటే రెండు పనులు చేయాలి. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి తెర రిఫ్రెష్ రేటు 144 హెర్ట్జ్‌ని 60కి దించాలి. తర్వాత డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో బ్రౌజర్, వీఎస్ కోడ్ లాంటి వాటికి 'పవర్ సేవింగ్' ఎంచుకోవాలి, అప్పుడు అవి పెద్ద కార్డును నిద్రలేపవు. మక్స్ స్విచ్ (తెరను నేరుగా పెద్ద కార్డుకి కలిపే మీట) ఉన్న మెషీన్‌ని ఆట కోసం 'డిస్క్రీట్' మోడ్‌లో పెట్టి మరిచిపోతే ఈ తిప్పలన్నీ వృథా, కార్డు రోజంతా మేలుకొనే ఉంటుంది.

ఇప్పుడు మోసే బరువు, ప్లగ్గు. షోరూములో ఎవరూ చెప్పని విషయం, హాస్టల్‌లో మొదటి రాత్రే బయటపడేది ఇదే. 170, 200, 230 వాట్ల అడాప్టర్లతో వచ్చే కొన్ని మోడళ్లకు 16 ఆంపియర్ల లావు పిన్నుల ప్లగ్ ఉంటుంది. మన దగ్గర అది గీజరుకి, ఏసీకి పెట్టే పవర్ సాకెట్లోనే పడుతుంది. హాస్టల్ బల్ల పక్కన, లైబ్రరీలో, క్లాసులో ఉండేవి 6 ఆంపియర్ల చిన్నవి. నిజానికి 230 వాట్ల అడాప్టర్ నిండుగా పనిచేసినా గోడ నుంచి లాగేది ఒక ఆంపియర్ పైచిలుకే, చిన్న సాకెట్ దాన్ని సులువుగా మోస్తుంది. తీగ ఒక్కటి మారిస్తే చాలు. అడాప్టర్ డబ్బా నుంచి ఊడే తీగ కొస చూడండి. డెస్క్‌టాప్ సీపీయూకి పెట్టే తీగలా మూడు పలక రంధ్రాలు ఉంటే, చిన్న ప్లగ్ ఉన్న ఐఎస్‌ఐ గుర్తు తీగను 'కంప్యూటర్ పవర్ కార్డ్' అని అడిగితే ఇస్తారు. మూడు గుండ్రటి ఆకుల్లా ఉంటే 'ల్యాప్‌టాప్ పవర్ కార్డ్' అనాలి. 16 నుంచి 6కి మార్చే కన్వర్టర్ ముక్కలు మాత్రం వద్దు. అడాప్టర్ బరువుకి అవి సాకెట్లో వదులై, నిప్పురవ్వలు వచ్చి నల్లబడతాయి. ఎర్త్ పిన్ను తీసేసిన తీగలూ వద్దు. అడాప్టర్ లోపలి ఫిల్టర్ నుంచి కారే కొద్దిపాటి కరెంటుకి దారి లేక, మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. గదిలో సాకెట్‌కే ఎర్త్ లేకపోయినా ఇలాగే ఉంటుంది, వార్డెన్‌కి చెప్పి ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి.

అడాప్టర్ ఒక్కటే ముప్పావు కిలో దాకా తూగుతుంది, మెషీన్‌తో కలిపితే మూడు కిలోల పైన. రోజూ సిటీ బస్సులో రెండు గంటలు ప్రయాణించే డేస్కాలర్ వీపుకి అది చిన్న బరువు కాదు. దీనికి మంచి ఉపాయం ఉంది. ఇప్పటి గేమింగ్ మెషీన్లు చాలావాటిలో ఒక టైప్-సీ పోర్టు ఛార్జింగ్ కూడా తీసుకుంటుంది. అలాంటిదైతే పెద్ద అడాప్టర్‌ను గదిలోనే వదిలేసి, 100 వాట్ల చిన్న గ్యాన్ ఛార్జర్, 5 ఆంపియర్ల కేబుల్ తీసుకెళ్తే కాలేజీ పనంతా నడుస్తుంది. ఆటలకు మాత్రం చాలదు. ఏ పోర్టు ఛార్జింగ్ తీసుకుంటుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, రెండు టైప్-సీలు ఉంటే రెండూ తీసుకుంటాయన్న హామీ లేదు.

వేడి గురించి మన ప్రాంతంలో అదనంగా ఆలోచించాలి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర తీసిన రివ్యూ అంకెలు మేలో విజయవాడలోనో రామగుండంలోనో ఫ్యాన్ కింద నిలబడవు. బయటి గాలి 25కి బదులు 40 ఉంటే, ఆ తేడా ఎంతో లోపలి వేడి కూడా ఇంచుమించు అంత పైకి జరుగుతుంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీలకు చేరగానే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఆట మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత తడబడుతుంటే కారణం ఇదే. పరుపు మీద పెట్టి ఆడితే అడుగున గాలి లాగే రంధ్రాలు మూసుకుపోతాయి, ఇంకా త్వరగా తడబడుతుంది. వెనక భాగాన్ని రెండు సెంటీమీటర్లు ఎత్తితే చాలు, రెండు లావు రబ్బర్లు పెట్టినా సరిపోతుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో 'మ్యాక్స్ ఫ్రేమ్ రేట్'ను 60 లేదా 90 దగ్గర కట్టేస్తే వేడీ, ఫ్యాన్ల హోరూ రెండూ దిగుతాయి. ఆరు నెలలకోసారి దుమ్ము తీయించాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితోనో పుల్లతోనో పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. ఎప్పుడూ ఛార్జర్ మీదే ఉండే మెషీన్ అయితే కంపెనీ యాప్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపేలా పెట్టండి. వేడి, నిండు ఛార్జి రెండూ కలిస్తే బ్యాటరీ త్వరగా అలిసిపోతుంది, కొన్నిసార్లు ఉబ్బుతుంది కూడా. టచ్‌ప్యాడ్ కొద్దిగా పైకి లేచినట్టు కనిపిస్తే వాడడం ఆపి సర్వీస్‌కి ఇవ్వాలి.

ఉబుంటు పక్కన వేసుకునే సీఎస్‌ఈ పిల్లలకు ఒక హెచ్చరిక. దాని కోసం బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ అనే భద్రతా తనిఖీని ఆపేస్తే విండోస్ 11లో వాలరెంట్ తెరుచుకోదు. అంతకన్నా పెద్దది, డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే తర్వాతిసారి విండోస్ రికవరీ కీ అడుగుతుంది. ఆ 48 అంకెలు మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటాయి. బయోస్ తాకకముందే లాగిన్ అయి రాసి పెట్టుకోండి.

ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తూ ఇక్కడే కొని తీసుకెళ్లేవాళ్లు అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉందో లేదో చూసుకుంటే చాలు. ఉంటే అక్కడ తీగ ఒక్కటి మార్చుకుంటే సరి. విమానంలో క్యాబిన్‌లోకి అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగే బ్యాటరీ 100 వాట్-అవర్ల వరకు, అందుకే ఎంత పెద్ద గేమింగ్ మెషీనైనా 99 దగ్గర ఆగుతుంది. వారంటీ అక్కడ చెల్లుతుందా అన్నది మోడల్ మోడల్‌కీ మారుతుంది, కొనేముందే కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇంట్లోనే ఉండి చదివేవాళ్లకు, పని నిజంగా బరువైనదైతే, ఇంకో దారి ఉంది. కాలేజీకి తేలిక ల్యాప్‌టాప్, ఇంట్లో డెస్క్‌టాప్. అదే పేరున్న కార్డు డెస్క్‌టాప్‌లో చల్లగా, నిండుగా పనిచేస్తుంది, రేపు కార్డు ఒక్కటే మార్చుకోవచ్చు.

ఏది కొన్నా డబ్బా తెరిచిన రోజే పరీక్షించాలి, ఆన్‌లైన్‌లో మార్చుకునే గడువు కొద్ది రోజులే. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే ర్యామ్ ఎంతో, స్లాట్లు ఎన్ని వాడారో కనిపిస్తుంది. 512 జీబీ డిస్క్ విండోస్‌లో 476 అని కనిపించడం మామూలే, అది లోపం కాదు. గేమింగ్ మెషీన్ అయితే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో గ్రాఫిక్స్ వాట్లు చూసి, ప్రకటనలోని అంకెతో సరిపోల్చండి. తెర మీద పూర్తి నలుపు, పూర్తి తెలుపు బొమ్మలు పెట్టి చుక్కలు, అంచుల దగ్గర వెలుగు కారడం గమనించండి. అన్ని పోర్టుల్లో పెన్‌డ్రైవ్ గుచ్చి చూడండి. అరగంట సేపు ఏదైనా ఆట గానీ, రెండర్ గానీ నడిపి, మెషీన్ ఆగిపోకుండా ఉందో లేదో చూడండి. ఆఖరున మెషీన్ అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీన మొదలైందో చూడండి. మీరు కొన్న తేదీ కన్నా ముందే మొదలై ఉంటే, బిల్లు కాపీ పంపితే సరిచేస్తారు.